దీపం చాటున ఉండిపోయిన నైటింగేల్

సంపాదకులు గారికి,

నమస్కారం. మొన్న మే 12న అంతర్జాతీయ నర్సుల దినోత్సవం సందర్భంగా మీ పత్రిక జిల్లా పేజీల్లో వచ్చిన ఫోటోలన్నీ శ్రద్ధగా చూశాను. కొవ్వొత్తులు పట్టుకుని వరుసగా నిలబడిన నర్సింగ్ విద్యార్థినులు, పూలమాల వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ చిత్రపటం, దాని ముందు కేక్ కోస్తున్న అధికారులు, కింద ఆమెను గురించి 'కరుణామూర్తి', 'దీపధారిణి' అంటూ రెండు వాక్యాలు. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వాసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా, ఆ తర్వాత నర్సింగ్ ట్యూటరుగా పనిచేసి ఉద్యోగ విరమణ చేసినదాన్ని కనుక అలాంటి వరుసల్లో నేనూ ఎన్నోసార్లు నిలబడ్డాను. ఆ దీపం వెలిగించిన ప్రతిసారీ నా కళ్లు చెమర్చిన మాటా నిజమే. అయినా ఆ మహనీయురాలి జీవితాన్ని ఏటా తరగతిలో పాఠంగా చెప్పిన మనిషిగా నన్ను ఒక బాధ వదలడం లేదు. ఆమె చేతిలోని దీపం ఒక్కటే మనకు గుర్తుండిపోయింది. అదే చేత్తో ఆమె రాసిన లెక్కలను, ఆ లెక్కలతో ప్రభుత్వాన్ని నిలదీసిన తీరును మరచిపోయాం. ఆ మరపు వల్ల ఇవాళ మన వార్డుల్లో నర్సులకూ రోగులకూ నష్టం జరుగుతోందని నా నమ్మకం. ఉత్తరం కొంచెం పొడుగైనా మన్నించి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

పత్రికకే ఎందుకు రాస్తున్నానంటే, నైటింగేల్‌ను యుద్ధరంగానికి పంపించింది ఒక రకంగా ఒక వార్తాపత్రికే. 1854లో బ్రిటన్, ఫ్రాన్స్ ఒకవైపు నిలిచి రష్యాతో చేసిన క్రిమియా యుద్ధం జరుగుతున్నప్పుడు, ఇస్తాంబుల్ ఎదుటి ఒడ్డున ఉన్న స్కుటారి సైనికాసుపత్రిలో గాయపడినవారికి కట్టు కట్టేందుకు గుడ్డ కూడా లేదని లండన్ 'టైమ్స్' పత్రిక ఆ అక్టోబరులో వరుసగా రాసింది. ఫ్రెంచి సైన్యం వెంట సేవ చేసే సన్యాసినులు ఉన్నారు, మనకు అలాంటివారు ఎందుకు లేరని అడుగుతూ ఆ పత్రికకు ఒక పాఠకుల ఉత్తరం కూడా వచ్చింది. ఆ మరునాడే, అంటే అక్టోబరు 15న, యుద్ధ వ్యవహారాల మంత్రి సిడ్నీ హెర్బర్ట్ నైటింగేల్‌కు లేఖ రాసి నర్సుల బృందాన్ని తీసుకుని వెళ్లమని కోరాడు. ఆమె ముప్పై ఎనిమిది మంది స్త్రీలతో బయలుదేరి నవంబరు 4న స్కుటారి చేరుకుంది. ఉత్తరం అచ్చయిన నాటికీ ఆమె ఆసుపత్రి మెట్లెక్కిన నాటికీ మధ్య మూడు వారాలు మాత్రమే గడిచాయి.

అయితే ఆ మూడు వారాల వెనుక పదిహేనేళ్లకు పైబడిన ఎదురుచూపు ఉంది. 1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో, సంపన్నమైన ఇంగ్లీషు కుటుంబంలో ఆమె పుట్టింది. పుట్టిన ఊరి పేరే పెట్టారు. తండ్రి దగ్గరుండి గ్రీకు, లాటిన్, చరిత్ర, తత్త్వశాస్త్రం నేర్పించాడు. గణితం మీద ఆమెకు ఉన్న మక్కువ మాత్రం తల్లికి నచ్చలేదు. ఇరవై అయిదేళ్ల వయసులో, సాలిస్‌బరీ ఆసుపత్రికి వెళ్లి పని నేర్చుకుంటానని అడిగితే ఇంట్లో గగ్గోలు పుట్టింది. ఆ రోజుల్లో ఆసుపత్రి నర్సు అంటే చదువులేని, తాగుడు అలవాటున్న మనిషి అన్న అపవాదు బలంగా ఉండేది. జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో పాస్టర్ ఫ్లీడ్నర్ నడిపిన సేవాసంస్థలో మూడు నెలలు పనిచేసి నేర్చుకోవడానికి 1851 దాకా ఆగవలసి వచ్చింది. 'ఆ పని మనకెందుకమ్మా' అన్న మాట దాటుకునే నర్సింగ్ స్కూలు గుమ్మం తొక్కిన ఆడపిల్లలు మా తరంలో ఎందరో ఉన్నారు. వాళ్లలో నేనూ ఒకదాన్ని. అందువల్ల ఆమె జీవితంలోని ఈ భాగం చదివినప్పుడల్లా నాకు మరీ దగ్గరగా తోస్తుంది.

స్కుటారికి ముందు, 1853లో, లండన్‌లోని హార్లీ వీధిలో స్త్రీల కోసం నడిచే ఒక చిన్న ఆసుపత్రికి ఆమె సూపరింటెండెంటు అయింది. అక్కడ ఆమె ఏం అడిగిందో మన ఉపన్యాసాల్లో ఎప్పుడూ వినిపించదు. ప్రతి అంతస్తుకూ గొట్టాల ద్వారా వేడినీళ్లు రావాలని, రోగుల భోజనం పైకి చేరవేయడానికి తాడుతో లాగే లిఫ్టు కావాలని, ఏ రోగి గంట మోగించిందో నర్సుకు చూడగానే తెలిసే ఏర్పాటు ఉండాలని ఆమె పట్టుబట్టింది. ఇవి లేకపోతే నర్సు ఉత్త కాళ్ల జతగా మారిపోతుందన్నది ఆమె వాదన. అంటే మెట్లెక్కడం దిగడంతోనే ఆమె పొద్దంతా గడిచిపోతే రోగిని చూసేదెప్పుడు అని అర్థం. నూట డెబ్బై ఏళ్లు గడిచాయి. రక్తం ప్యాకెట్టు కోసం, ల్యాబు రిపోర్టు కోసం, స్టోరులో సంతకం కోసం వార్డు వదిలి పరుగెత్తే మా పిల్లలను చూసినప్పుడల్లా ఆ కాళ్ల జత అన్న మాటే నాకు గుర్తుకు వస్తుంది. దయాగుణం ఎంత ఉన్నా ఆ పరుగు తగ్గదు. తగ్గాలంటే గొట్టం వేయాలి, లిఫ్టు పెట్టాలి, మనిషిని ఇవ్వాలి. ఆమె మొదటి ఉద్యోగంలోనే ఆ సంగతి గ్రహించింది.

ఇక స్కుటారి విషయం. ఆమె అడుగు పెట్టగానే మరణాలు తగ్గిపోయాయన్నట్టు మనం పిల్లలకు చెబుతున్నాం. అది సత్యం కాదు, ఆమెకు గౌరవమూ కాదు. టైమ్స్ పత్రిక సేకరించిన విరాళాలతో ఆమె చొక్కాలు, దుప్పట్లు, వంటసామాను కొన్నది. ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, బాయిలర్లు పెట్టించి, సైనికుల భార్యల చేత బట్టలు ఉతికించింది. రాత్రిళ్లు వార్డుల వెంట తిరిగింది. ఆ తిరుగుడులో ఆమె పట్టుకున్నది బొమ్మల్లో కనిపించే నూనె ప్రమిద కాదని, ముడతలు ముడతలుగా ముడుచుకునే తుర్కీ లాంతరని కూడా ఇక్కడే చెప్పాలి. అంత చేసినా ఆ చలికాలంలో చావులు పెరుగుతూనే పోయాయి. 1855 ఫిబ్రవరిలో ఆ ఆసుపత్రి మరణాల రేటు నూటికి నలభై రెండు దాటింది. మార్చిలో ఇంగ్లండ్ నుంచి పారిశుధ్య కమిషన్ వచ్చింది. ఆసుపత్రి కింద పూడిపోయిన మురుగు కాలువలను శుభ్రం చేయించింది, కుళ్లిన జంతు కళేబరాలను తీయించింది, గోడలకు సున్నం కొట్టించింది, గాలి ఆడేలా చేసింది. జూన్ నాటికి ఆ రేటు నూటికి రెండుకు దిగింది.

యుద్ధం ముగిశాక 1856లో ఆమె 'మిస్ స్మిత్' అన్న మారుపేరుతో, ఏ ఊరేగింపులకూ చిక్కకుండా ఇంటికి చేరింది. ఆ తర్వాత చేసిన పనే నా దృష్టిలో ఆమె జీవితంలో అన్నింటికంటే గొప్పది. గణాంక నిపుణుడు విలియం ఫార్‌తో కూర్చుని చనిపోయిన సైనికుల లెక్కలన్నీ తిరగేసింది. గాయాలతో పోయినవారికంటే, నివారించగలిగిన జబ్బులతో పోయినవారే ఎన్నో రెట్లు ఎక్కువని ఆ లెక్కల్లో తేలింది. తన కళ్ల ముందు, తాను పరిచర్య చేస్తుండగానే పోయినవారు వాళ్లు. మరొకరైతే ఆ కాగితాలు మూసి పక్కన పెట్టేవారు. ఆమెను అప్పటికే దేశమంతా నెత్తిన పెట్టుకుని ఊరేగిస్తోంది. ఆమె మాత్రం ఆ అంకెలను నెలల వారీగా, రంగుల రెక్కలున్న పువ్వులాంటి పటంగా గీయించి మంత్రుల ముందు, రాణి ముందు పెట్టింది. అంకెలు చదవని పెద్దమనిషి కూడా కంటితో చూసి గ్రహించాలన్నది ఆమె ఉద్దేశం. యుద్ధం లేని రోజుల్లో సైతం ఇంగ్లండ్ సైనిక బారకాసుల్లో ఏటా వేయికి పదిహేడు నుంచి ఇరవై మంది చనిపోతున్నారని, బయటి జనంలో ఆ సంఖ్య పదకొండేనని చూపించి, ఇది ఏడాదికి 1,100 మందిని సాలిస్‌బరీ మైదానానికి తీసుకుపోయి కాల్చి చంపడంతో సమానమని రాసింది. 1858లో లండన్ గణాంక సంఘం ఆమెను సభ్యురాలిగా ఎన్నుకుంది. అంతకుముందు ఆ సంఘంలో స్త్రీ సభ్యులెవరూ లేరు. 1860లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభకు, ఆసుపత్రులన్నీ తమ రోగుల లెక్కలను, మరణాల లెక్కలను ఒకే తీరులో రాసి ప్రకటించాలన్న ప్రణాళికను పంపింది.

ఆసుపత్రి మొట్టమొదట పాటించవలసిన నియమం రోగికి హాని చేయకపోవడమని ఆమె రాసిన మాటను ఈ లెక్కల వెలుగులోనే చదవాలి. ఆసుపత్రే మనిషిని చంపగలదని అంకెలతో రుజువు చేసుకున్న తర్వాత రాసిన మాట అది.

1859లో ఆమె నర్సింగ్ గురించి రాసిన చిన్న పుస్తకాన్ని నేను విద్యార్థినులకు ఏటా చదివి వినిపించేదాన్ని. రోగిని ప్రకృతి తన పని తాను చేసుకోగలిగిన మంచి స్థితిలో ఉంచడమే నర్సు పని అన్నది అందులోని మూలసూత్రం. గాలి, వెలుతురు, శుభ్రత, నిశ్శబ్దం, ఆహారం, పరుపు, ఒక్కోదానికి ఒక్కో అధ్యాయం. గది గుమ్మం దగ్గర నిలబడి గుసగుసలాడితే లోపల రోగి ఆ మాటల కోసం చెవులు రిక్కించి అలసిపోతాడని, తినని పళ్లెం రోగి పక్కనే వదిలేస్తే ఉన్న కాస్త ఆకలి కూడా చచ్చిపోతుందని చెబుతుంది. చూడవచ్చినవారు చెప్పే ఉత్తుత్తి ధైర్యాల మీద, సలహాల మీద ఒక అధ్యాయమే ఉంది. 'ఏం కాదు, రెండు రోజుల్లో లేచి తిరుగుతావు' అంటూ మంచం అంచున కూర్చునే బంధువులను, ఒకరు ఫలానా డాక్టరని, మరొకరు ఫలానా పసరని చెప్పి రోగిని అయోమయంలో పడేసే మన వార్డులను ఆమె చూసి రాసిందా అనిపిస్తుంది.

రోగిని గమనించడం గురించి రాసిన చోట మరొక సూక్ష్మం ఉంది. 'రాత్రి బాగా నిద్రపోయాడా' అని అడగవద్దంటుంది. ఎన్ని గంటలు నిద్రపోయాడు, ఏ వేళ నుంచి ఏ వేళ వరకు అని అడగమంటుంది. మొదటి ప్రశ్నకు వచ్చే జవాబు అడిగేవారి మొహం చూసి చెప్పేది, రెండో ప్రశ్నకు వచ్చేది పనికొచ్చే సమాచారం. చలి, జ్వరం, నీరసం, పడక పుండ్లు వంటివి రోగి పడుతుంటే చాలామటుకు ఆ తప్పు జబ్బుది కాదు, పరిచర్యది అని కూడా నిర్మొహమాటంగా రాసింది.

ఆ పుస్తకంలో నా మనసులో నాటుకుపోయినది నిర్వహణ గురించిన అధ్యాయం. నీవు ఉన్నప్పుడు నీవు చేసే పని నీవు లేనప్పుడు కూడా జరిగేలా చూడడమే నిర్వహణ అని దాని సారాంశం. ఈ ఒక్క మాట ఎంత బరువైనదో నాకు ఒక రోగి నేర్పాడు. నేను కొత్తగా చేరిన రోజుల్లో, ఒక ప్రభుత్వాసుపత్రి మెడికల్ వార్డులో, పక్షవాతంతో తెలివి తప్పిన ఒక పెద్దాయన ఉండేవారు. పగటి డ్యూటీలో ప్రతి రెండు గంటలకూ ఆయనను పక్క మార్చేదాన్ని, వీపుకు పౌడరు రాసేదాన్ని, వాళ్ల కోడలికి కూడా చేసి చూపించాను. నా మనసుకు ఎంతో తృప్తిగా ఉండేది. కానీ కేస్ షీటులో ఆ సంగతి రాయలేదు, డ్యూటీ అప్పగించేటప్పుడు నోటితోనూ గట్టిగా చెప్పలేదు. రాత్రి వార్డులో యాభైకి పైగా రోగులకు ఒక్క సిస్టరు ఉండేది. మంచాలు చాలక నేల మీద పడుకున్నవారు వేరు. ఆరో రోజు ఉదయం దుప్పటి తీసి చూస్తే నడుము కింద చర్మం ఊడి వచ్చింది. రాత్రంతా ఆయనను ఎవరూ కదిలించలేదు. ఆ సిస్టరును నేను ఏనాడూ తప్పు పట్టలేదు. యాభై మందికి ఇంజెక్షన్లు పూర్తయ్యేసరికే తెల్లవారుతుంది. తప్పులో నా వాటా నాకు తెలుసు. నేను ఉన్న ఎనిమిది గంటలకే ఆయన రోగి అన్నట్టు పనిచేశాను. ఇన్నేళ్లయినా ఆయన వీపు నా కళ్ల ముందు నుంచి పోలేదు.

అందుకే 'నర్సులు సేవాభావంతో పనిచేయాలి' అని వేదిక మీద ఎవరైనా చెప్పినప్పుడు నాకు కష్టంగా ఉంటుంది. ఆ రాత్రి సిస్టరుకు సేవాభావం తక్కువ కాలేదు, చేతులు తక్కువయ్యాయి. బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం చెబుతోంది. ఆ లెక్కకూ, రాత్రి రెండు గంటలకు వార్డులో కనిపించే లెక్కకూ ఎంత దూరమో ఆసుపత్రిలో ఒక్క రాత్రి గడిపినవారికి ఎవరికైనా తెలుసు.

మన ప్రాంతంతో ఆమెకు ఉన్న సంబంధం కూడా చెప్పకుండా ఉండలేను. ఆమె భారతదేశానికి ఎన్నడూ రాలేదు. కానీ ఇక్కడి సైన్య ఆరోగ్యంపై 1859లో ఏర్పడిన రాయల్ కమిషన్ కోసం ప్రతి సైనిక కేంద్రానికీ ప్రశ్నాపత్రాలు పంపి, నీళ్లు ఎక్కడివి, మురుగు ఎటు పోతుంది, గదిలో ఎందరు పడుకుంటారు అని అడిగి, వచ్చిన జవాబుల గుట్టలను మంచం మీద నుంచే విశ్లేషించింది. క్రిమియాలో పట్టుకున్న జ్వరం తర్వాత ఆమె ఆరోగ్యం మళ్లీ కుదుటపడలేదు. 1857 నుంచి చాలా ఏళ్లు ఆమె పని దాదాపు గదిలోనే జరిగింది. ఇక్కడి బ్రిటిష్ సైనికుల్లో ఏటా వేయికి 69 మంది చనిపోతున్నారని 1863 నాటి నివేదిక తేల్చింది. పదేళ్ల తర్వాత అది 18కి దిగిందని ఆమె ప్రకటించగలిగింది. అక్కడితో ఆగక ఆమె చూపు సైనికుల నుంచి గ్రామాల వైపు, రైతుల వైపు మళ్లింది. 1876-78 నాటి మద్రాసు కరువులో లక్షలాది జనం పోయినప్పుడు, కాలువలు తవ్వితే కరువును ఆపవచ్చని ఇంగ్లండ్ పత్రికల్లో గట్టిగా రాసింది. ఆ విషయంలో ఆమె ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపినవారిలో మన ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్ ఒకరు. గోదావరి జిల్లాల్లో ఊరూరా కాటన్ దొర విగ్రహం ఉంది. ఆయన వాదానికి అండగా నిలిచిన ఈ నర్సు సంగతి మాత్రం ఇక్కడి నర్సింగ్ విద్యార్థినులకే తెలియదు. ఆకలితో నీరసించిన దేహాన్ని వార్డులో ఎంత చక్కగా చూసుకున్నా చాలదని, పొలానికి నీళ్లు ఇవ్వడం కూడా ఆరోగ్య రక్షణేనని ఆమె గ్రహించింది.

ఆమె చెప్పినదంతా సరైనదని నేను అనను. జబ్బులు చెడుగాలి వల్ల పుడతాయన్న పాత నమ్మకాన్ని ఆమె చాలాకాలం వదులుకోలేదు, సూక్ష్మజీవుల సిద్ధాంతాన్ని ఆలస్యంగా ఒప్పుకుంది. నర్సులను ప్రభుత్వం రిజిస్టరు చేయాలన్న ఉద్యమాన్ని, పరీక్ష ద్వారా మనిషి గుణం తెలియదంటూ, చివరిదాకా వ్యతిరేకించింది. ఆ విషయంలో ఆమె మాట నెగ్గకపోవడమే మంచిదైంది. మన దగ్గర 1926 నాటి మద్రాసు నర్సుల, మంత్రసానుల చట్టం వచ్చి రిజిస్ట్రేషన్ ఏర్పడబట్టే మా వృత్తికి చట్టబద్ధమైన గుర్తింపు దక్కింది. మరొక సంగతి. దీపం వెలిగించి మన పిల్లలు చదివే 'నైటింగేల్ ప్రతిజ్ఞ' ఆమె రాసింది కాదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో ఒక నర్సింగ్ స్కూలు కోసం లిస్ట్రా గ్రెటర్ అధ్యక్షతన ఒక సంఘం కూర్చిన పాఠం అది. వైద్యుడికి విధేయంగా తోడ్పడతానన్న మాట అందులో ఉంది. ఆ మాటను తప్పు పట్టను. కానీ నైటింగేల్ స్వయంగా సైనిక వైద్యాధికారులతో తలపడి, అంకెలు చూపించి, వాళ్ల పద్ధతులు మార్పించిన మనిషి అని కూడా ఆ రోజున పిల్లలకు ఎవరో ఒకరు చెప్పాలి.

1860లో సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేరిట, ప్రజలు ఇచ్చిన చందాలతో మొదలైన శిక్షణాలయం నుంచే నేటి నర్సింగ్ చదువు వచ్చింది. ఆమె 1910 ఆగస్టు 13న కన్నుమూసింది. వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో సమాధి చేస్తామన్నా కుటుంబం ఒప్పుకోలేదు. హాంప్‌షైర్‌లోని ఒక పల్లె చర్చి ఆవరణలో సమాధి చేసి, రాతి మీద పొడి అక్షరాలు, పుట్టిన తేదీ, పోయిన తేదీ మాత్రమే చెక్కారు.

నేను కోరేవి రెండే. మొదటిది మన ఆరోగ్యశాఖలకు. 1860లో ఆమె అడిగినట్టుగానే ప్రతి ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రీ ఏ వార్డులో రాత్రిపూట ఎందరు రోగులకు ఎందరు నర్సులు ఉన్నారో, నెలలో ఎందరికి ఆసుపత్రిలో చేరాక పడక పుండ్లు వచ్చాయో ఒకే తీరులో రాసి, ఆసుపత్రి గోడ మీద జనానికి కనిపించేలా పెట్టాలి. ఆ అంకెలకు నర్సును దోషిగా నిలబెట్టకూడదు. తక్కువ ఉన్నచోట పోస్టులు నింపడానికే వాటిని వాడాలి. రెండోది మీ పత్రికకు. వచ్చే మే 12కు ముందు ఏదో ఒక రాత్రి, మీ విలేకరిని మన జిల్లాలోని ఏదైనా పెద్దాసుపత్రి మెడికల్ వార్డుకు రెండు గంటల వేళ పంపండి. మంచాలను, నేల మీద ఉన్నవారిని, డ్యూటీలో ఉన్న సిస్టర్లను లెక్కపెట్టమనండి. కొవ్వొత్తుల ఫోటో వేసే చోట ఆ మూడు అంకెలు వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత నర్సింగ్ ట్యూటర్,
రాజమహేంద్రవరం